సీఆర్పీ ఎక్కువుంది, కొలెస్ట్రాల్ తగ్గింది: ఇక స్టాటిన్ ఆపవచ్చా?

మీరు రాసింది రెండుసార్లు చదివాను. నాన్నగారికి 61 ఏళ్లు. ఎనిమిది నెలల కిందట గుండెపోటు వస్తే స్టెంట్ వేశారు. అప్పటి నుంచి కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ రకం మాత్ర, అటోర్వాస్టాటిన్ 80 మి.గ్రా. వాడుతున్నారు. పోయిన వారం రక్తపరీక్షలో ఎల్‌డీఎల్ (చెడు కొలెస్ట్రాల్) 68, హెచ్‌ఎస్ సీఆర్పీ (ఒంట్లో వాపును సూచించే ప్రోటీన్) 5.2 వచ్చాయి. ఎల్‌డీఎల్ పక్కన ఏ గుర్తూ లేదు, సీఆర్పీ పక్కన మాత్రం ‘హై’ అని ఉంది. ఈలోగా ఎవరో వీడియోలో ‘గుండె జబ్బుకు కారణం కొలెస్ట్రాల్ కాదు, ఇన్‌ఫ్లమేషన్ (లోపలి వాపు)’ అని చెప్పగా విని, ఇక ఈ మాత్ర ఎందుకని నాన్నగారు అంటున్నారు. ఇదీ సంగతి.

గుండె జబ్బుల ఓపీలో, వార్డుల్లో ఇరవై ఏళ్లకు పైగా పనిచేశాను. అందుకే ముందుగా చెప్పేది ఒకటే: మాత్ర ఆపనివ్వకండి. స్టెంట్ వేసి ఏడాది నిండకుండానే స్టాటిన్ మానేసి మళ్లీ ఛాతీ నొప్పితో వచ్చినవాళ్లను చూశాను. ఆ వీడియోలోని మాట సగం నిజం. మిగతా సగం చెప్పకపోవడం వల్లే మీకు ఈ టెన్షన్.

కాలిలో ముల్లు దిగిందనుకోండి. రెండు రోజుల్లో చుట్టూ ఎర్రబడుతుంది, వాస్తుంది, సలుపుతుంది, చీము పడుతుంది. మనల్ని బాధపెట్టేది వాపే. అలాగని ముల్లును లోపలే వదిలేసి పైన మందు రాసుకుంటూ కూర్చోం కదా. ముల్లు తీశాక కూడా చీము పట్టిన చోటు మానేదాకా కనిపెట్టుకుని ఉండాలి. ధమని గోడలో ఎల్‌డీఎల్ ఆ ముల్లు, ఇన్‌ఫ్లమేషన్ ఆ వాపు. ఏది అసలు కారణమని వాదించుకుంటే రోగికి ఒరిగేదేమీ లేదు.

లోపల జరిగేది కాస్త వివరంగా చెబుతాను, అప్పుడు రిపోర్టులోని రెండు అంకెల మధ్య చుట్టరికం తెలుస్తుంది. ఎల్‌డీఎల్ రేణువులు రక్తంలో ఎంత ఎక్కువగా, ఎన్ని ఎక్కువ ఏళ్లు తిరిగితే అన్ని ఎక్కువ రేణువులు ధమని లోపలి పొర దాటి గోడలోకి దూరి చిక్కుకుపోతాయి. చిక్కుకున్నవి ఆక్సీకరణం చెంది పాడవుతాయి. వాటిని శుభ్రం చేయడానికి తెల్ల రక్తకణాలు వస్తాయి. అవి మాక్రోఫేజ్‌లుగా మారి కొవ్వును మింగుతాయి, మింగినదాన్ని వదిలించుకోలేక నురగ నింపినట్టు ఉబ్బి చాలావరకు అక్కడే చచ్చిపోతాయి. వాటిలో కొలెస్ట్రాల్ స్ఫటికాలు ఏర్పడతాయి. ఈ స్ఫటికాలే కణంలో ఉండే ఎన్‌ఎల్‌ఆర్‌పీ3 అనే అలారాన్ని మోగిస్తాయని 2010లో తేలింది. అది మోగితే వాపు కబుర్లు పంపే ప్రోటీన్లు, ముందు ఇంటర్‌ల్యూకిన్-1 బీటా, దాని వెనకే ఇంటర్‌ల్యూకిన్-6 బయటికొస్తాయి. ఇంటర్‌ల్యూకిన్-6 కబురు అందగానే కాలేయం సీఆర్పీని తయారుచేసి రక్తంలోకి వదులుతుంది. మీ చేతిలో ఉన్న 5.2 అనే అంకె, అలాంటి ఏదో కబురుకు కాలేయం ఇచ్చిన జవాబు. కబురు గుండె ధమనుల నుంచే వచ్చిందా, ఇంకెక్కడి నుంచైనా వచ్చిందా అన్నది మాత్రం ఆ అంకె చెప్పలేదు. ఈ మాట గుర్తుపెట్టుకోండి, మళ్లీ దీని దగ్గరికే వస్తాను.

వాపు ప్రమాదం ఎక్కడంటే, ఇలా గోడలో పేరుకున్న కొవ్వు పూడిక మీద పీచుతో అల్లుకున్న పొర ఒకటి ఉంటుంది. మాక్రోఫేజ్‌లు వదిలే ఎంజైములు ఆ పొరను కొరుక్కుతింటాయి. పలచబడిన పొర ఒకనాడు చిట్లితే అక్కడ రక్తం గడ్డకట్టి నిమిషాల్లో నాళం మూసుకుపోతుంది. యాంజియోగ్రామ్‌లో ‘నలభై శాతమే బ్లాక్, ఫర్వాలేదు’ అనిపించుకున్న చోట కూడా గుండెపోటు వచ్చేది ఇందుకే. స్టెంట్ ఒక చోట దారి తెరుస్తుంది. మిగతా ధమని పొడవునా ఉన్న పూడికల్ని చల్లబరచాల్సింది మందులే.

కొలెస్ట్రాలా, వాపా అన్న వాదం కొత్తదేమీ కాదు. పందొమ్మిదో శతాబ్దం మధ్యలోనే రుడాల్ఫ్ విర్కో ధమని గోడలో వాపు ప్రక్రియను గుర్తించి రాశాడు. 1913లో నికొలాయ్ అనిచ్‌కోవ్ కుందేళ్లకు కొలెస్ట్రాల్ తినిపించి వాటి ధమనుల్లో పూడిక తెప్పించాడు. ఆ తర్వాత దాదాపు వందేళ్లు ఈ రెండు ఆలోచనలూ దేని దారిన అవి నడిచాయి. వీటిని మనుషుల మీద విడివిడిగా పరీక్షించే అవకాశం ఈ మధ్యే వచ్చింది. ఆ ఫలితాలు చూస్తే మీ నాన్నగారి అనుమానానికి సూటిగా జవాబు దొరుకుతుంది.

2017లో రెండు పెద్ద అధ్యయనాలు వచ్చాయి. మొదటిది ఫోరియర్. అప్పటికే స్టాటిన్ వాడుతున్న 27,564 మందిలో కొందరికి ఎల్‌డీఎల్‌ను తగ్గించే ఎవలోకుమాబ్ ఇంజెక్షన్ ఇచ్చారు. ఎల్‌డీఎల్ 92 నుంచి 30కి పడిపోయింది. సీఆర్పీ దాదాపు కదల్లేదు. అయినా గుండెపోట్లు, పక్షవాతం వంటివి 15 శాతం తగ్గాయి. రెండోది కాంటోస్. గుండెపోటు వచ్చి, సీఆర్పీ 2 లేదా అంతకు మించి ఉన్న 10,061 మందిని తీసుకుని కొందరికి కనాకినుమాబ్ ఇచ్చారు. ఇది ఇంటర్‌ల్యూకిన్-1 బీటాను ఒక్కదాన్నే అడ్డుకునే మందు. ఎల్‌డీఎల్ కదల్లేదు, సీఆర్పీ బాగా తగ్గింది. ఇక్కడ కూడా, 150 మి.గ్రా. మోతాదులో, గుండెపోట్లు వంటివి అంతే, 15 శాతం తగ్గాయి.

ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడండి. ఒకదానిలో ముల్లును మాత్రమే తీశారు, ఇంకోదానిలో వాపును మాత్రమే తగ్గించారు. రెండు చోట్లా మనుషులకు మేలు జరిగింది. నా వృత్తి జీవితంలో ఇంత స్పష్టంగా ఒకదానికొకటి బదులిచ్చిన అధ్యయనాల జంటను నేను మళ్లీ చూడలేదు. కనాకినుమాబ్ వాడినవారిలో ప్రాణం తీసే ఇన్ఫెక్షన్లు పెరిగాయి, మొత్తం మరణాలు తగ్గలేదు. అందుకే అది గుండె జబ్బుకు మందుగా వాడుకలోకి రాలేదు. కానీ వాపు అనేది పక్కన నిలబడి చూసే సాక్షి కాదని దానితో రుజువైంది.

కొలెస్ట్రాల్ వైపు సాక్ష్యం ఇంకా పాతది, ఇంకా గట్టిది. తల్లి నుంచి, తండ్రి నుంచి కూడా లోపమున్న జన్యువు వచ్చి ఎల్‌డీఎల్ 500 దాటే పిల్లలు కొందరుంటారు. వాళ్లకు సిగరెట్ లేదు, బీపీ లేదు, షుగర్ లేదు. అయినా చికిత్స లేకపోతే పదుల వయసులోనే గుండెపోటు వస్తుంది. ఇలాంటి కుటుంబాలను పరిశోధించే బ్రౌన్, గోల్డ్‌స్టీన్ రక్తంలోని ఎల్‌డీఎల్‌ను పట్టి కణంలోకి లాగే గ్రాహకాన్ని కనిపెట్టి 1985లో నోబెల్ అందుకున్నారు. దీనికి పూర్తిగా ఎదురు, ఎల్‌డీఎల్ రక్తంలోంచి తొలగిపోకుండా అడ్డుపడే పీసీఎస్‌కే9 జన్యువు ఒక ప్రతి పనిచేయకుండా పుట్టినవాళ్లు. 2006లో వచ్చిన పరిశోధనలో అలాంటి నల్లజాతి అమెరికన్లకు ఎల్‌డీఎల్ సుమారు 28 శాతం తక్కువ, గుండె ధమనుల జబ్బు 88 శాతం తక్కువ. పుట్టినప్పటి నుంచి తక్కువగా ఉండటమే వాళ్ల అదృష్టం. ఇక స్టాటిన్ అధ్యయనాలన్నీ కలిపి చూస్తే, ఎల్‌డీఎల్ సుమారు 39 పాయింట్లు తగ్గిన ప్రతిసారీ పెద్ద గుండె, రక్తనాళ ప్రమాదాలు ఐదో వంతుకు పైగా తగ్గుతున్నాయి.

మరి వీడియోల్లో ఆ మాట ఎక్కడి నుంచి వచ్చింది? నా అంచనా, 2023లో వచ్చిన ఒక విశ్లేషణ నుంచి. స్టాటిన్ వాడుతున్న 31,245 మంది వివరాలు చూస్తే, సీఆర్పీ అందరికంటే ఎక్కువ ఉన్న పాతిక శాతం మందిలో గుండె సంబంధ మరణాలు, అందరికంటే తక్కువ ఉన్నవారితో పోలిస్తే రెండున్నర రెట్లకు పైగా ఉన్నాయి. ఎల్‌డీఎల్ విషయంలో ఆ తేడా చాలా చిన్నది. దీన్ని పట్టుకుని ‘చూశారా, కొలెస్ట్రాల్‌తో పనిలేదు’ అనేశారు. కానీ వాళ్లందరూ అప్పటికే కొలెస్ట్రాల్‌కు మందు వాడుతున్నవాళ్లు! అందరికీ ముల్లు చాలావరకు తీసేశాక, ఎవరికి ఎక్కువ ప్రమాదం అని అడిగితే వాపు మిగిలినవాళ్లకే అని జవాబు వస్తుంది. అంతేగానీ ముల్లును వదిలేయమని దాని అర్థం కాదు. పైగా స్టాటిన్ రెండు పనులూ చేస్తుంది. 2008లో వచ్చిన జూపిటర్ అధ్యయనంలో ఎల్‌డీఎల్ 130 లోపే ఉండి, సీఆర్పీ మాత్రం 2 లేదా ఆపైన ఉన్న 17,802 మందిని తీసుకున్నారు. రోసువాస్టాటిన్ వాడినవారిలో ఎల్‌డీఎల్ 50 శాతం, సీఆర్పీ 37 శాతం తగ్గాయి. గుండెపోటు వంటి ప్రమాదాలు 44 శాతం తగ్గాయి. కాబట్టి ఇన్‌ఫ్లమేషనే కారణమని నాన్నగారు నమ్మినా సరే, స్టాటిన్ ఆపడానికి అది కారణం కాదు. ఆయనకు ఈ ఒక్క ముక్క చెప్పండి, బహుశా వింటారు.

ఇప్పుడు ఆ 5.2 సంగతి. మొట్టమొదట యూనిట్ చూడండి. కొన్ని ల్యాబ్‌లు లీటరుకు ఎన్ని మిల్లీగ్రాములో ఇస్తాయి, కొన్ని డెసిలీటరుకు ఇస్తాయి. ఒకావిడ రెండు రిపోర్టులు పట్టుకుని ఏడుస్తూ వచ్చారు. మొదటి దానిలో 0.4, మూడు నెలల తర్వాత వేరే ల్యాబ్‌లో 3.8. పదింతలు పెరిగిందని ఇంట్లో ఎవరూ నిద్రపోలేదట. నేను వేలు పెట్టి చూపించాను: మొదటిది డెసిలీటరు లెక్క, అంటే లీటరుకు 4. రెండోది లీటరుకు 3.8. నిజానికి కాస్త తగ్గింది. అంకె పక్కన ఉన్న రెండు చిన్న అక్షరాలు చదవకపోతే ఇంత పని జరుగుతుంది. ఇంకొకటి, మామూలు సీఆర్పీ పరీక్ష వేరు, ‘హెచ్‌ఎస్’ అని ముందు ఉన్నది వేరు. మామూలుది జ్వరాలకు, ఇన్ఫెక్షన్లకు చూసేది. తక్కువ స్థాయిలోని చిన్న తేడాలు హెచ్‌ఎస్ పరీక్షలోనే సరిగ్గా తెలుస్తాయి. గుండె విషయంలో లీటరుకు 1 మి.గ్రా. కంటే తక్కువైతే రిస్క్ తక్కువ, 1 నుంచి 3 మధ్యస్థం, 3 దాటితే ఎక్కువ అని లెక్క. 10 దాటితే ఇన్ఫెక్షన్ లాంటిది ఏదైనా ఉందేమో వెతికి, అది తగ్గాక మళ్లీ చేయించాలి.

రెండోది, ఒక్క పరీక్షతో ఏదీ తేల్చకూడదు. జలుబు, పంటి నొప్పి, మోకాలి వాపు, కాలికి తగిలిన దెబ్బ, ఈ మధ్య వేయించుకున్న టీకా, ఇవన్నీ సీఆర్పీని పైకి లాగుతాయి. రక్తంలో సీఆర్పీ సగం తగ్గడానికి సుమారు 19 గంటలు చాలు. కాబట్టి తాత్కాలిక కారణమైతే అది పోయిన కొద్ది రోజుల్లోనే అంకె దిగివస్తుంది. నాన్నగారు పూర్తిగా ఆరోగ్యంగా ఉన్నప్పుడు, కనీసం రెండు వారాల ఎడం ఇచ్చి, అదే ల్యాబ్‌లో మళ్లీ చేయించండి. రెండుసార్లూ 2 దాటి ఉంటేనే దాని గురించి ఆలోచిద్దాం.

ఒకాయన గుర్తొస్తున్నారు. బైపాస్ అయి నాలుగేళ్లు, ఎల్‌డీఎల్ చక్కగా ఉంది, సీఆర్పీ మాత్రం మూడుసార్లు చేయిస్తే మూడుసార్లూ 7, 8, 9. ఇంకో యాంజియోగ్రామ్ చేయమని బంధువులు పట్టుబట్టారు. ఆయన మాట్లాడుతూ మాట్లాడుతూ కుడి దవడ మీద చెయ్యి వేసుకోవడం గమనించాను. నోరు తెరవమన్నాను. చిగుళ్లు ఎర్రగా ఉబ్బి, వెనక పన్ను మొదట్లో చీము కనిపిస్తోంది. ఏడాదిగా ఉందట, గుండె డాక్టరుకు చెప్పాల్సిన విషయం కాదనుకున్నారట. పంటి వైద్యం పూర్తయిన రెండు నెలలకు సీఆర్పీ 1.6కి దిగింది. చిగుళ్లు బాగుచేస్తే గుండెపోట్లు ఆగుతాయని రుజువు లేదు, అలా నేను చెప్పను. కానీ కబురు ఎక్కడి నుంచి వస్తోందో వెతక్కుండా గుండెనే అనుమానిస్తే పొరపాటు. నాన్నగారి నోరు చూడండి. కీళ్ల నొప్పులు, పొద్దున్నే లేవగానే వేళ్లు బిగుసుకుపోవడం ఉన్నాయేమో అడగండి. రుమటాయిడ్ ఆర్థరైటిస్ ఉన్నవాళ్లకు సీఆర్పీ పెరగడమే కాదు, గుండె రిస్క్ కూడా ఎక్కువే. నిద్రలో గురక పెట్టి ఊపిరి ఆగి లేస్తున్నారా, పొట్ట చుట్టూ కొవ్వుందా, సిగరెట్ నిజంగా మానేశారా? పొట్టలోని కొవ్వు తనంతట తానే ఇంటర్‌ల్యూకిన్-6 వదులుతుంది, అందుకే బరువు తగ్గినవాళ్లలో మందు మార్చకుండానే సీఆర్పీ దిగడం తరచూ చూస్తాం.

సీఆర్పీనే నేరుగా తగ్గించే పొడులు, మాత్రలు అని అమ్మేవాటి జోలికి వెళ్లకండి. పుట్టుకతో వచ్చే జన్యువుల తేడా వల్ల కొందరికి జీవితాంతం సీఆర్పీ ఎక్కువగా ఉంటుంది. వాళ్లకు ఆ కారణంగా గుండె జబ్బు పెరగలేదని 2011లో తేలింది. అదే, ఇంటర్‌ల్యూకిన్-6 కబురు పుట్టుకతోనే కాస్త మందగించి ఉన్నవాళ్లలో గుండె జబ్బు తక్కువని మరుసటి ఏడాది తేలింది. అంటే తప్పు కబురు పంపేవాడిది, మోసుకొచ్చేవాడిది కాదు. సీఆర్పీ ఉన్నది మనం చదువుకోవడానికి.

మీరు అడగని విషయం ఒకటి చెప్పాలి, నాకు 5.2 కంటే 68 మీదే ఎక్కువ దృష్టి ఉంది. రిపోర్టులో దాని పక్కన గుర్తు లేదంటే, అక్కడ అచ్చు వేసిన పరిమితి ఆరోగ్యవంతులకు సంబంధించినది కాబట్టి. గుండెపోటు వచ్చినవాళ్లకు ఆ గీత వర్తించదు. యూరప్ గుండె వైద్యుల సంఘం 2019 నుంచి ఇలాంటివారికి ఎల్‌డీఎల్ 55 లోపు ఉండాలని, మొదట ఉన్నదానితో పోలిస్తే సగానికైనా తగ్గాలని చెబుతోంది. స్టాటిన్ మోతాదు ఇప్పటికే గరిష్ఠంలో ఉంది. దానికి కొలెస్ట్రాల్ తగ్గించే మరో మాత్ర, ఎజిటిమైబ్ 10 మి.గ్రా. కలిపితే మామూలుగా ఇంకో ఇరవై శాతం దాకా తగ్గుతుంది, అంటే 68 కాస్తా 54 దగ్గరికి రావచ్చు. 2015లో వచ్చిన ఇంప్రూవ్-ఇట్ అధ్యయనంలో 18,144 మందిలో సరిగ్గా ఇలాగే, 70 దగ్గర ఉన్నదాన్ని 54 దగ్గరికి తెస్తే మేలు కనిపించింది. ఆ మేలు పెద్దది కాదు, కానీ నిజమైనది. డాక్టరుగారిని ఈ మాట తప్పకుండా అడగండి.

అలాగే జీవితంలో ఒక్కసారి లైపోప్రోటీన్ (ఎ) అనే, ఎల్‌డీఎల్ లాంటి మరో రేణువు పరీక్ష చేయించండి. ఇది వంశపారంపర్యం, తిండితో, నడకతో మారేది కాదు. ప్రపంచంలో సుమారు ఐదుగురిలో ఒకరికి డెసిలీటరుకు 50 మి.గ్రా. దాటి ఉంటుంది. ఆయనకు ఎక్కువ వస్తే మీరు, మీ తోబుట్టువులు కూడా చేయించుకోవాలి. ట్రైగ్లిజరైడ్లు ఎక్కువుంటే, లేదా షుగర్ ఉంటే, ఏపోబీ కూడా పనికొస్తుంది. ముళ్లు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టే పరీక్ష అది, ప్రతి రేణువుకూ ఒక్కటే ఏపోబీ ఉంటుంది. ఈఎస్‌ఆర్, హోమోసిస్టీన్ వంటివి ఈ పని కోసం అక్కర్లేదు. బి విటమిన్లతో హోమోసిస్టీన్‌ను తగ్గించి చూశారు, గుండెపోట్లు తగ్గలేదు.

అన్నీ సరిచేశాక కూడా సీఆర్పీ 2 పైనే నిలిచిపోతే కొల్చిసిన్ అనే పాత గౌట్ మందు గురించి మాట్లాడవచ్చు. రోజుకు 0.5 మి.గ్రా. మోతాదులో, నిలకడగా ఉన్న గుండె రోగులు 5,522 మందితో చేసిన లోడోకో-2 అధ్యయనంలో ప్రమాదాలు 31 శాతం తగ్గాయి. దానికి ముందు, గుండెపోటు వచ్చిన నెల లోపు మొదలుపెట్టిన కోల్‌కాట్‌లో 23 శాతం తగ్గాయి. 2023లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ దీనికి అనుమతి కూడా ఇచ్చింది. అయితే 2024లో, గుండెపోటు వచ్చిన వెంటనే 7,062 మందికి మొదలుపెట్టిన క్లియర్ సినర్జీలో ఏ మేలూ కనిపించలేదు. అందుకే నేను దీన్ని అందరికీ రాసే మందుగా చూడను. నాన్నగారు ఆరు నెలలు దాటి నిలకడగా ఉన్నారు కాబట్టి ఆయన పరిస్థితి లోడోకో-2కి దగ్గర. కానీ కిడ్నీ పనితీరు, అంటే క్రియాటినిన్, చూడకుండా ఇది మొదలుపెట్టకూడదు. క్లారిత్రోమైసిన్ లాంటి కొన్ని యాంటీబయాటిక్స్‌తో కలిస్తే ప్రాణం మీదికి వస్తుంది. స్టాటిన్‌తో కలిసినప్పుడు అరుదుగా కండరాలు దెబ్బతింటాయి. సొంతంగా కొనుక్కుని వేసుకునే మందు కాదు.

చివరగా, ఒకసారి నాన్నగారి పక్కన కూర్చుని, మాత్ర ఎందుకు మానేయాలనిపిస్తోందో నెమ్మదిగా అడగండి. చాలామంది వీడియో పేరు చెబుతారు, అసలు కారణం కాళ్లు లాగడమో, నీరసమో, జీవితాంతం మాత్రలేనా అన్న విసుగో అయి ఉంటుంది. కాళ్లు లాగుతున్నాయంటే కొట్టిపారేయకండి, ఆ నొప్పి ఆయనకు నిజం. 2020లో వచ్చిన సామ్సన్ అధ్యయనంలో, స్టాటిన్ పడక మానేసినవాళ్లకు కొన్ని నెలలు స్టాటిన్, కొన్ని నెలలు ఉత్తుత్తి మాత్ర, కొన్ని నెలలు ఏమీ ఇవ్వకుండా చూశారు. స్టాటిన్‌తో వచ్చిన బాధల్లో దాదాపు 90 శాతం ఉత్తుత్తి మాత్రతోనూ వచ్చాయి. ఇది తెలిశాక అందులో సగం మంది మళ్లీ స్టాటిన్ మొదలుపెట్టారు. నొప్పి ఎక్కువుంటే కండరాలు దెబ్బతిన్నాయేమో చెప్పే సీకే అనే రక్తపరీక్ష చేయించి, మోతాదు తగ్గించడమో, వేరే స్టాటిన్‌కు మార్చడమో డాక్టరుగారు చూస్తారు. అలా మార్చుకోవడానికి చాలా దారులున్నాయి.

రెండో సీఆర్పీ వచ్చాక అంకెతో పాటు దాని పక్కన యూనిట్ కూడా రాయండి. గుండెపోటుకు ముందు ఎల్‌డీఎల్ ఎంత ఉండేదో పాత కాగితాల్లో దొరికితే అది కూడా, వీలైతే క్రియాటినిన్, హెచ్‌బీఏ1సీ (సుమారు మూడు నెలల సగటు షుగర్ చెప్పే పరీక్ష) కూడా పంపండి. అవి చూసి మళ్లీ రాస్తాను.